కొండ లేని నేలలో పావురాలకు గూళ్లు: పన్నెండు నెలల పని డైరీ

గోదావరి డెల్టాలో రామచంద్రపురం దగ్గర మా ఊళ్లో ఒక పాత రైస్ మిల్లుంది. సంక్రాంతి వెళ్లాక దాని పైకప్పు మార్చేస్తామని పోయిన నవంబరులో చెప్పారు. పెంకుల కింద, దూలాల మీద పావురాలు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. వాటిలో కొన్నింటినైనా మా మేడ గోడకు నిలపాలని పని మొదలుపెట్టాను. మిల్లు మా ఇంటికి నేరుగా 3 కి.మీ. ఈ దూరం గుర్తుపెట్టుకోండి, రెండో దశలో దీనివల్లే దెబ్బతిన్నాను.

మీరూ కట్టాలనుకుంటే ముందు ఐదో దశ చదివి, తర్వాత వెనక్కి రండి. మొదటి నాలుగు దశల్లో చాలావరకు నా తప్పులే ఉన్నాయి.

పనిముట్లు: టేపు, గ్రాముల్లో తూచే వంటింటి కాటా, వైరున్న డిజిటల్ థర్మామీటరు, కాళ్లకు వేసే రంగు ప్లాస్టిక్ రింగులు, మాస్కులు, ఒక నోటు పుస్తకం.

దశ 1: కుండలు (నవంబరు)

మా ఊరి కుమ్మరాయనతో 12 కుండలు చేయించాను. లోపలి వెడల్పు 28 సెం.మీ., మూతి 14 సెం.మీ. వాటిని పక్కకు పడుకోబెట్టి, మూతి బయటికి ఉండేలా ఇనుప ఫ్రేములో బిగించాను. “మూతి ఇంకో నాలుగు వేళ్లు పెంచుదామండీ మాస్టారూ, జంట రెండూ ఒకేసారి దూరాలి కదండీ” అన్నాడాయన. పిల్లి చెయ్యి దూరుతుందేమోనని నేనే వద్దన్నాను. ఆయన మాట వినుంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి.

1. పడమటి గోడ ఎంచుకున్నాను. రెట్టలు మా దొడ్లోనే పడతాయి, పక్కింటివాళ్లకు ఇబ్బంది ఉండదు.
2. నేల నుంచి 4 మీటర్ల ఎత్తు.
3. కుండకీ కుండకీ మధ్య 20 సెం.మీ. ఎడం.
4. కుండల్లో ఏమీ వేయలేదు. గూడు అవే కట్టుకుంటాయనుకున్నాను.

ఖర్చు: కుండలు 1,560, ఫ్రేము, వెల్డింగు 3,000. మొత్తం రూ. 4,560. పావురాలు: 0.

దశ 2: వదిలితే వెళ్లిపోయాయి (డిసెంబరు)

మిల్లు గుమస్తా గారు నాలుగు జంటలు పట్టించి ఇచ్చారు. కుండల ముందు వల కట్టి 21 రోజులు ఉంచాను. మేత గుప్పెడు లెక్కన కాకుండా తూచి పెట్టాను: పిట్టకు రోజుకు 35 గ్రాములు. జొన్నలు రెండు పాళ్లు, మొక్కజొన్న, వడ్లు, పెసలు ఒక్కో పాలు. విత్తనానికని మందు పట్టించిన వడ్లు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.

నీళ్ల దగ్గర మొదటి తప్పు తెలిసింది. లోతు లేని పళ్లెంలో సెంటీమీటరు నీళ్లు పోశాను. కోడి ముక్కుతో నీళ్లు తీసుకుని తల పైకెత్తి మింగుతుంది. పావురం అలా కాదు, ముక్కు ముంచి పశువులా పీల్చి తాగుతుంది. సెంటీమీటరు చాలక అవస్థ పడ్డాయి. 5 సెం.మీ. లోతున్న మట్టి మూకుడు పెట్టాక సర్దుకున్నాయి.

డిసెంబరు 22 ఉదయం 6.40కి వల తీశాను. మేడ మీద ఒక్క చుట్టు తిరిగి ఆరు పావురాలు మిల్లు వైపు వెళ్లిపోయాయి. 6.45కి గుమస్తా గారి ఫోన్: “మాస్టారూ, మీవి వచ్చేశాయండీ.” మూడు కిలోమీటర్లకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

పావురానికి ఎగరడం వచ్చాక ఏ గూడు ఇల్లని మనసులో పడిందో అదే ఇల్లు. సూర్యుడి స్థానం, భూమి అయస్కాంత శక్తి, గాలిలోని వాసనలు, తెలిసిన దారుల ఆనవాళ్లు, అన్నీ వాడుకుని వెనక్కి చేరుతుంది. ఈ గుణం మీదే పక్కనున్న ఒడిశా పోలీసులు 1946 నుంచి దశాబ్దాల పాటు పావురాలతో కబుర్లు పంపారు. 1999 సూపర్ సైక్లోన్‌లో ఫోన్లు, రోడ్లు పోయినప్పుడు కూడా అవి పని చేశాయి. అలాంటి పిట్టను 21 రోజుల వలతో మరిపించాలని చూశాను.

రెండు మాత్రం ఆగాయి. ఆ జంట వలలో ఉండగానే డిసెంబరు 12న ఒక గుడ్డు, 14న రెండోది పెట్టింది. గుడ్లున్న చోటును అవి విడిచిపెట్టలేదు. తర్వాతి దశలన్నీ ఈ ఒక్క సంగతి మీదే నడిచాయి.

ఖర్చు: వల 900, మేత 290. మొత్తం రూ. 5,750. పావురాలు: 2.

దశ 3: చేత్తో పెంచడం (జనవరి)

మిల్లు పెంకులు దించిన రోజు తొమ్మిది పిల్లలు నా దగ్గరికి వచ్చాయి. ఐదింటికి రెండు మూడు వారాల వయసు. నాలుగు ఇంకా కళ్లు తెరవలేదు, ఒంటి మీద పసుపు పచ్చ నూగు.

ఆ నాలుగూ మూడు రోజుల్లో చనిపోయాయి. ఎందుకో రాస్తాను, ఇంకెవరూ అలా చేయకూడదు. పాలపొడి, మెత్తటి అన్నం కలిపి సిరంజితో పట్టాను. పావురం పిల్ల మొదటి నాలుగైదు రోజులు గింజ ముట్టదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు కింది సంచిలో పెరుగు ముక్కల్లాంటి పదార్థం తయారవుతుంది. పావురం పాలు అంటారు. ఆ సంచి లోపలి పొర కణాలే ఊడి అలా అవుతాయి. మన బాలింతల్లో పాలు పట్టించే ప్రొలాక్టిన్ హార్మోనే పావురాల్లో, పోతులో కూడా, ఈ పని చేయిస్తుంది. అందులో ఉండేది మాంసకృత్తులు, కొవ్వు. చక్కెరలు దాదాపు ఉండవు. నేను పట్టింది అన్నం గంజి, పైగా పక్షి అరిగించుకోలేని పాల చక్కెర. ఆకలి తీర్చుతున్నాననుకుంటూ కడుపు పాడు చేశాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

కళ్లు తెరవని పిల్ల దొరికితే చేయాల్సింది:

1. ముందు దాన్ని వెచ్చగా ఉంచండి.
2. అదే వయసు పిల్లలున్న ఇంకో జంట గూట్లో పెట్టి చూడండి. మొదటి రోజుల్లో పరాయి పిల్లకు కూడా పడతాయి.
3. అలాంటి జంట లేకపోతే పాలపొడి మాత్రం వద్దు, పశువుల డాక్టరును అడగండి.

పెద్ద పిల్లలకు నానబెట్టిన పెసలు, శనగలు ఒక్కొక్కటే నోట్లో పెట్టాను. పూటకు 30 నుంచి 40 గింజలు, రోజుకు మూడు పూటలు. సంచి పూర్తిగా ఖాళీ కాకముందే మళ్లీ పెట్టిన ఒక పిల్లకు లోపల పులిసిపోయి పోయింది. నాలుగు బతికాయి. అవి మొదటిసారి ఎగిరింది మా మేడ మీదే. ఒక్కటి కూడా మిల్లుకు వెళ్లలేదు.

కుండలో పుట్టిన రెండు పిల్లల సంగతి వేరు. రెండో గుడ్డు పెట్టిన పద్దెనిమిదో రోజున, జనవరి 1న పిల్లలయ్యాయి. ఒకదాని కొలతలు: మొదటి రోజు 15 గ్రాములు, 5వ రోజు 82, 10వ రోజు 171, 20వ రోజు 268, 30వ రోజు 290. రెండు వారాలు తిరక్కుండానే పదింతలు దాటింది.

రెండో పిల్ల ఎనిమిదో రోజుకు కాళ్లు రెండు పక్కలకీ చాపేసింది. కుండ అడుగు నున్నగా ఉండి కాలికి పట్టు దొరకలేదు. పావురం కట్టే గూడు చాలా పల్చన, పది పుల్లలు వేసి అయిందనుకుంటుంది. మెత్తటి గుడ్డ పీలికతో రెండు కాళ్లనూ 3 సెం.మీ. ఎడంలో వదులుగా కట్టాను. ఆరు రోజులకు నిలబడింది. ఎముక గట్టిపడకముందే చూసుకోవాలి.

గరుకు కోసమని కుండల్లో కొబ్బరి పీచు వేశాను. అదీ తప్పే. కోనసీమైనా ఇటువైపైనా చేతికి ముందు అందేది అదే కదా. రెండు వారాల్లో ఒక పిల్ల వేలికి పీచు పోగు చుట్టుకుని బిగిసి, వేలు నల్లబడి రాలిపోయింది. రొయ్యల చెరువుల దగ్గర దొరికే నైలాన్ దారం ఇంకా ప్రమాదం. పీచంతా తీసేసి, కొబ్బరి ఈనెలు జానెడు ముక్కలు చేసి వేశాను. ఇప్పటికీ అవే వాడుతున్నాను.

ఖర్చు: 350. మొత్తం రూ. 6,100. పావురాలు: 8 (జంట 2, వాటి పిల్లలు 2, చేత్తో పెంచినవి 4).

దశ 4: గుడ్లతో కట్టేయడం (ఫిబ్రవరి, మార్చి)

మిల్లు నుంచి ఇంకో మూడు జంటలు తెచ్చాను. ఈసారి రోజులు లెక్కపెట్టలేదు, గుడ్లు లెక్కపెట్టాను.

1. ఒక్కో జంటను ఒక్కో కుండ ముందు విడి వలలో ఉంచాను.
2. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు పది రోజులు వచ్చేదాకా వదల్లేదు.
3. తర్వాత జంటలో ఒకదాన్నే వదిలాను. పొద్దున పది తర్వాత పోతు గూట్లో కూర్చుంటుంది, సాయంత్రం నుంచి తెల్లారేదాకా పెట్ట వంతు. అందుకని పెట్టను పదిన్నరకు వదిలాను, తన వేళకు తిరిగొస్తుందని.
4. పెట్ట మూడు రోజులు వరసగా వచ్చాక పోతును వదిలాను.

ఆరుకు ఆరూ తిరిగొచ్చాయి. మొదటి పెట్ట వచ్చింది సాయంత్రం 4.10కి. పదిన్నర నుంచి అప్పటిదాకా నేను మేడ దిగలేదు, అంత టెన్షన్ పడ్డాను.

ఆరు గుడ్లలో ఐదు పిల్లలయ్యాయి, నాలుగు ఎగిరాయి. ఐదోది ఒకటిన్నర రోజు ఆలస్యంగా పుట్టి చిన్నదిగా ఉండిపోయింది. మూతి 14 సెం.మీ. కావడంతో మేత తెచ్చిన పిట్ట అడ్డంగా నిలబడితే ముందున్న పిల్లకే అందేది. కుమ్మరాయన చెప్పింది ఇదే.

ఒక జంటలో పోతు తెల్లమచ్చలది, పెట్ట గోధుమరంగుది. పిల్లల్లో ఒకటి అచ్చం బూడిదరంగు, రెక్క మీద రెండు నల్ల చారలు. డార్విన్ 1850ల్లో తన ఇంట్లో పావురాలు పెంచినప్పుడు వేరువేరు జాతులను కలిపితే ఇలాగే పాత రంగు బయటపడడం చూశాడు. పెంపుడు జాతులన్నీ ఒకే అడవి పావురం నుంచి వచ్చాయన్న వాదానికి దాన్ని ఒక ఆధారంగా చూపాడు. ఆ మూలపు పిట్ట కొండ చరియల్లో, సముద్రపు ఒడ్డు రాతి గోడల్లో ఉంటుంది. శాస్త్రనామం కొలంబా లివియా.

మార్చిలోనే రెండు గుడ్లు తోలు గుడ్లుగా వచ్చాయి, పెంకు గట్టిపడలేదు. వాటిని లెక్కలో వేయలేదు. మేతలో సున్నం చాలలేదు. పైగా గింజ నూరడానికి పావురం కడుపులో రాళ్లుండాలి. ఊరంతా తిరిగినా చేత్తో ఏరుకోవడానికి గులకరాయి దొరకలేదు. మనది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, ఎంత తవ్వినా మట్టీ ఇసుకే. చివరికి నత్తగుల్లలు దంచి, ఇటుక నలగ్గొట్టి, చిటికెడు ఉప్పు కలిపి మూకుడులో పెట్టాను. పది రోజుల్లో 400 గ్రాములు తినేశాయి. ఆ తర్వాత తోలు గుడ్డు రాలేదు.

ఖర్చు: జనవరి నుంచి ఏప్రిల్ దాకా మేత 1,900. మొత్తం రూ. 8,000. గుడ్లు: 8. పావురాలు: 18.

దశ 5: కొలతలు గుడి దగ్గర తీసుకోవాల్సింది (ఏప్రిల్, మే)

ఏప్రిల్‌లో నాలుగు జంటలు ఎనిమిది గుడ్లు పెట్టాయి. ఆరు మురిగిపోయాయి. థర్మామీటరు వైరు కుండలో పెట్టి చూస్తే మధ్యాహ్నం మూడింటికి 43 డిగ్రీలు. ఆ వేళ కూర్చునేది పోతు. నోరు తెరిచి రొప్పుతూ మూతి దగ్గరికి వచ్చి నిలబడేది. పొదగడానికి కావాల్సింది 37, 38 డిగ్రీలు. గుడ్డును నీడపట్టున ఉంచాల్సిన చోట నేను పడమటెండలో మట్టి పొయ్యి కట్టాను.

అప్పుడు గానీ బుద్ధి రాలేదు. మా ఊరి శివాలయం గోపురంలో ఏళ్ల తరబడి పావురాలు పిల్లల్ని లేపుతున్నాయి. పూజారి గారిని అడిగి, నిచ్చెన వేసి, పిట్టలున్న తొమ్మిది గూళ్లు కొలిచాను.

వెడల్పు 28 నుంచి 36 సెం.మీ. లోతు 30 నుంచి 40. ఎత్తు 25 నుంచి 35. తొమ్మిదింట్లో ఏడు తూర్పుకో ఉత్తరానికో తెరుచుకున్నవి. అన్నింటికీ ముందు ఒక జానెడు అంచుంది, పిట్ట వాలి, అటూ ఇటూ చూసి లోపలికి నడుస్తుంది. ఒక్కదానికీ ఇరుకు మూతి లేదు. మధ్యాహ్నం మూడింటికి లోపల 34 డిగ్రీలు.

ఆ నిచ్చెన మీద నిలబడి చుట్టూ చూస్తే కొబ్బరి తలలు, దాళ్వా (రెండో పంట వరి) కోసిన చేలు, కాలువ గట్టు. పావురం కొబ్బరి మట్ట మీద గూడు పెట్టదు. గువ్వలు పెడతాయి, ఇది పెట్టదు. దానికి రాతి అరుగు కావాలి, పైన నీడ కావాలి. రాజమండ్రి దాటి పైకి వెళ్తే గాని కొండ కనపడని ఈ నేలలో దానికి చరియ అంటూ ఉంటే అది మనం కట్టిన గోపురమే, మిల్లు దూలమే, గోదావరి మీద వంతెన కింది అంచే. మన గింజ కోసం వచ్చిందంటాం. గింజతో పాటు కొండను కూడా మనమే ఇచ్చాం. మిల్లు పైకప్పు దించడమంటే దానికి ఒక కొండ తీసేయడమే. ఈ మాట నవంబరులో తట్టి ఉంటే కుండలు చేయించేవాణ్ని కాదు.

కుండలు దించేసి, తూర్పు గోడకు మామిడి చెక్కతో పెట్టెలు కట్టించాను:

1. ఒక్కో గది 32 వెడల్పు, 38 లోతు, 32 ఎత్తు. ముందు పూర్తిగా తెరిపి, కింద 6 సెం.మీ. అడ్డపట్టీ మాత్రమే, గుడ్డు దొర్లకుండా.
2. ముందు 20 సెం.మీ. అరుగు.
3. ప్రతి జంటకు పక్కపక్కనే రెండు గదులు. పిల్లలకు రెండు మూడు వారాలు రాగానే పెట్ట మళ్లీ గుడ్లు పెడుతుంది. ఒకే గది ఉంటే పిల్లలు కొత్త గుడ్లు తొక్కేస్తాయి.
4. పైన 90 సెం.మీ. చూరు, రేకు మీద తాటాకు పరిచి. తుఫాను గాలి మనకు ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి చూరు కొసలు గోడకు కమ్మీలతో బిగించాను.
5. అడుగున గరుకు చెక్క, కొబ్బరి ఈనెలు.

కొత్త గదుల్లో మధ్యాహ్నం మూడింటికి 35 డిగ్రీలు. కుండలు దించే ముందు, మురిగిపోని ఆ రెండు గుడ్ల పిల్లలు ఎగిరేదాకా ఆగాను.

ఖర్చు: జంట పెట్టెలు ఎనిమిది 3,840, చూరు 2,200. మొత్తం రూ. 14,040. గుడ్లు: 16, ఎగిరిన పిల్లలు 8. చేత్తో పెంచినవి, మిల్లు నుంచి తెచ్చి నిలిచినవి కలిపి పావురాలు: 20.

దశ 6: జెర్రిపోతు, దోమ, రెట్ట (జూన్, జూలై)

జూన్‌లో వాన నీటి గొట్టం పట్టుకుని జెర్రిపోతు ఎక్కింది. రెండు గుడ్లు, ఒక పిల్ల పోయాయి. గొట్టానికి 60 సెం.మీ. పొడవున నున్నటి రేకు చుట్టించాను, 260 అయింది. మళ్లీ రాలేదు. పామును చంపొద్దు, చేలో ఎలుకల్ని తినేది అదే.

జూలైలో ఏడు పావురాలకు ముక్కు మొదట్లో, కంటి చుట్టూ పొక్కులు లేచాయి. పశువుల డాక్టరు గారు చూసి అమ్మవారు పోసినట్టే, పావురాల మశూచి అన్నారు. వైరస్ జబ్బు, దోమలు మోస్తాయి. టీకా ఉంది గాని వచ్చాక వేసి లాభం లేదు. కళ్లు మూసుకుపోయి తినలేని రెండు చనిపోయాయి, ఐదు నాలుగు వారాల్లో తేరుకున్నాయి. కాలువ, చేలు, చెరువులు చుట్టూ ఉన్న మన ఊళ్లలో దీనికి ముందే సిద్ధంగా ఉండాలి. సాయంత్రం ఆరింటికి పెట్టెల ముందు దోమతెర దించి, తెల్లారి తీస్తున్నాను.

రెట్టల విషయంలో రెండు మాటలు. ఎండిన రెట్ట ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, పావురాలు పెంచేవాళ్లకు ఇది తెలిసిన జబ్బే. నీళ్లు చల్లి తడిపాకే గీకాలి, మాస్కు తప్పదు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. ఇక రెండోది, పచ్చి రెట్ట ఎరువుగా వేయొద్దు. వంగ నారుకు వేస్తే మూడు రోజుల్లో ఆకులు మాడిపోయాయి. మట్టి, ఎండుటాకులు కలిపి ఆరు వారాలు మాగబెట్టి వేశాక అదే మడిలో కాపు బాగా వచ్చింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టుపక్కల రైతులు పుచ్చ తోటల ఎరువు కోసమే పావురాలకు పెద్ద పెద్ద బురుజులు కట్టారు. మాకు నెలకు ఎండినది 9 కిలోలు వస్తోంది. ఇందులో సగం పక్కింటి పిన్నిగారి పెరడుకే. మొదట్లో ఆవిడ నీళ్ల ట్యాంకు మీద వాలుతున్నాయని గొడవపడ్డారు. ట్యాంకుకు మూత చేయించి ఇచ్చాను. “ఆయ్, ఇప్పుడు ఎన్నైనా వాలనీ బాబూ” అన్నారు.

ఖర్చు: రేకు 260, దోమతెర 640, మందులు 300, మూడు నెలల మేత 2,550. మొత్తం రూ. 17,790. పావురాలు: 18.

దశ 7: ఎక్కువ కాకుండా (ఆగస్టు నుంచి అక్టోబరు)

పెట్టెలు పని చేశాయి. జూన్ నుంచి 20 గుడ్లు, ఎగిరినవి 7. షిక్రా అనే చిన్న డేగ రెండింటిని తన్నుకుపోయింది, రెండూ ఎగరడం నేర్చుకుంటున్న పిల్లలే. ఇప్పుడు పిల్లలు ఎగిరే వారంలో పొద్దున పూట మేడ మీదే ఉంటున్నాను. మిగిలినవి 23.

మా గోడకు, మా మేతకు 24 చాలు. ఒక జంట ఏడాది పొడవునా పెడుతూనే ఉంటుంది. లెక్క లేకుండా వదిలితే పిన్నిగారి ట్యాంకు మూత ఒక్కటే చాలదు, జబ్బూ తొందరగా పాకుతుంది. పిల్లలయ్యాక తీసేయడం నా వల్ల కాదు. పెట్టిన రోజునే గుడ్డు మార్చి ఉత్తుత్తి గుడ్డు పెట్టడం మంచి పద్ధతి. గుడ్లు ఊరికే తీసేస్తే పెట్ట వెంటనే మళ్లీ పెట్టి నీరసపడుతుంది, సున్నమంతా పోతుంది.

వడ్రంగి చేత 24 కొయ్య గుడ్లు చేయించాను. అసలు గుడ్డు కొలత 39 మి.మీ. పొడవు, 29 వెడల్పు, బరువు 17 గ్రాములు. కొయ్య గుడ్డు కొలత సరిపోయింది గాని బరువు 11 గ్రాములే. నాలుగు జంటలకు పెట్టి చూశాను. రెండు జంటలు మూడో రోజుకే గుడ్లను అంచు దాకా నెట్టేసి లేచిపోయాయి. తిరగేసి కడుపు కింద సర్దుకునేటప్పుడు అవి తేలికగా దొర్లిపోతున్నాయి. అడుగున రంధ్రం చేసి, సైకిల్ బేరింగు గుండ్లు వేసి, లక్కతో మూసి 17 గ్రాములకు తెచ్చాను. అక్టోబరు 9న మళ్లీ పెట్టాను. నాలుగు జంటలూ కూర్చున్నాయి, పొద్దున పోతు, సాయంత్రం పెట్ట, వంతు తప్పకుండా. మూడు జంటలు ఇరవై, ఇరవై రెండు రోజుల మధ్య వదిలేశాయి. నాలుగో జంట, డిసెంబరులో గుడ్ల కోసం ఆగిపోయిన ఆ మొదటి జంట, ఇరవై ఆరో రోజున కూడా కూర్చునే ఉంది. వాటికి ఈసారి ఒక అసలు గుడ్డు ఉండనిచ్చి, ఒకటి మాత్రమే మారుస్తాను. అప్పుడు లెక్క 24 అవుతుంది.

ఖర్చు: మేత 2,850, కొయ్య గుడ్లు 480. మొత్తం రూ. 21,120. గుడ్లు: 36. ఎగిరిన పిల్లలు: 15. పావురాలు: 23.